వెనక వస్తానన్న మనిషి

గురూజీ పోయారన్న కబురు నాకు కేశ్‌కాల్ ఘాటు రోడ్డు మీది నుంచి వచ్చింది. ఫోన్ చేసింది టైర్ల బాబాయి. కొంటాలో హైవే పక్కన పంక్చర్లు వేస్తూ, పాత టైర్లు అమ్ముతూ బతికే మనిషి, గురూజీకి చిన్ననాటి స్నేహితుడు. నేను దంతెవాడలో నర్సుగా పనిచేస్తున్నాను. ఆ పొద్దున డ్యూటీలో ఉన్నాను. ఏటా చలికాలంలో గురూజీ, ఆయన స్నేహితులు నలుగురూ మోటారు సైకిళ్ళ మీద దూరాలు పోతారు. దారిలో ఎక్కడో ఆగి, నన్ను ఆట పట్టించడానికి చేశారనుకున్నాను.

"బిడ్డా, పంతులు పోయిండు," అన్నారు బాబాయి.

వెనక లారీల మోత. ఎవరో హిందీలో అంబులెన్సు గురించి గట్టిగా అరుస్తున్నారు. నేను అడగవలసినవన్నీ అడిగాను. ఊపిరి ఉందా, మెడ దగ్గర నాడి చూశారా, ఎంతసేపయింది. అడుగుతుండగానే జవాబులు తెలిసిపోతూ వచ్చాయి. చివరికి ఆయనే నన్ను ఒకటి అడిగారు.

"ఎనక వస్తనన్నడు బిడ్డా. మేం నవ్వినం. ఇప్పుడు వదినె అడుగుతది, దారిల ఏమన్నా చెప్పిండా అని. ఏం అనలేదని చెప్పనా?"

వదినె అంటే గురూజీ భార్య. "నాకు తెల్వదు బాబాయ్," అన్నాను.

ఆ ప్రశ్న ఎంత బరువైనదో మీకు తెలియాలంటే గురూజీ గురించి, ఆ యాత్ర గురించి, దానికి ఆయనే పెట్టిన ఒక నియమం గురించి చెప్పాలి.

మాది కొంటాకు ఉత్తరాన అడవి అంచున ఉన్న ఊరు. మా వైపు బడిపంతులును గురూజీ అంటారు. కొంటాలో ఉండే తెలుగు కుటుంబం ఆయనది. రోజూ బండి మీద మా ఊరికి వచ్చి హిందీ బడి నడిపేవారు. బడి వదిలాక, ఇష్టమున్న పిల్లల్ని కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దించేవారు. ఇప్పుడు నేను ఇది రాస్తున్న అక్షరాలు అవే. మా అమ్మానాన్నలు బడి గడప తొక్కలేదు. మా ఇంట్లో నాకంటే ముందు ఎవరూ పలక పట్టలేదు.

ఇప్పపూలు రాలే కాలంలో మా ఊళ్ళో పిల్లలెవరూ బడికి పోరు. తెల్లవారకముందే గంపలు తీసుకుని చెట్ల కిందికి పోవాలి. పొద్దెక్కితే పూలను పశువులు తినేస్తాయి. ఒక ఏడు అలాగే నేను వరసగా రాకపోతే, గురూజీ మా ఇంటి ముందు బండి ఆపారు.

"పిల్లను పంపుతలేవేంది?" అన్నారు మా నాన్నతో.

"పూలెవరు ఏరాలె గురూజీ? నువ్వొచ్చి ఏరుతవా?"

"ఏరుత గని, నాకు నడుం వంగది. పూలు ఏరినంకనే పంపు. నేను గంట లేటుగ కొడత."

"సర్కారు బడికి నీ ఇష్టమొచ్చినప్పుడు గంట కొడతవా?"

"గంట నా చేతిల ఉంది, సర్కారు రాయపూర్ల ఉంది," అన్నారు.

మా నాన్న నవ్వారు. ఆ కాలమంతా బడి గంట పొద్దెక్కాకే మోగింది. మా ఒళ్ళంతా ఇప్పపూల వాసనతో, ముళ్ళు గీసుకున్న చేతులతో పోయి కూర్చునేవాళ్ళం. పై నుంచి ఎవరో వచ్చి అడిగితే గడియారం ఆగిపోయిందని చెప్పారట. ఇంకొక గురూజీ అయితే హాజరు పట్టీలో మా పేర్లకు ఎదురుగా సున్నాలు చుట్టి ఊరుకునేవారు. అప్పుడు నేను ఇవాళ దంతెవాడలో కాదు, మా ఊరి చెట్ల కింద ఉండేదాన్ని.

ఇక యాత్ర. కొంటా బడిలో కలిసి చదివిన అయిదుగురు వాళ్ళు. గురూజీ, టైర్ల బాబాయి, కిరాణా దుకాణం సేటు మామ, బస్సు నడిపే డ్రైవర్ మామ, మా పక్క ఊరి రైతు పటేల్ తాత. వరి నూర్పిళ్ళు అయిపోయి, బడికి చలి సెలవులు ఇచ్చే రోజుల్లో బయలుదేరేవారు. ఒక ఏడు పూరీ, ఒక ఏడు రామేశ్వరం, ఒక ఏడు నర్మద పుట్టే చోటు. వచ్చాక గురూజీ మాకు నేల మీద బొగ్గుతో దారి గీసి చూపించేవారు. పూరీ నుంచి ఒకసారి సీసాలో సముద్రపు నీళ్ళు తెచ్చి తలా ఒక చుక్క నాలుక మీద వేశారు. అందరం ఉమ్మేశాం.

"థూ! దీన్ల గింత ఉప్పెవరేసిండ్రు గురూజీ?" అన్నాడు ఒకడు.

"అన్ని నదులు తలా ఇంత ఏసినయి. మన శబరి గూడ ఏసింది," అన్నారు.

నియమం పుట్టింది అడవిలో తుపాకులు తిరిగిన చెడ్డ రోజుల్లో. రోడ్లు తవ్వేసి ఉండేవి. చెట్లు అడ్డంగా నరికి పడేసి ఉండేవి. దూరంగా బండి చప్పుడైతే ఇళ్ళలో దీపాలు ఆర్పేవారు. కొన్ని ఊళ్ళు మొత్తంగా నది దాటి అవతలికి పోయాయి. ఎవరింట్లో చూసినా ఒక చావో, కనపడకుండా పోయిన మనిషో ఉండేది. ఎవరు చేశారని మా దగ్గర పైకి అడగరు. ఆ రోజుల్లో కూడా ఒక ఏడు వాళ్ళు బయలుదేరారు. ఆగిన ప్రతి టీ హోటల్ దగ్గరా ఒకరి తర్వాత ఒకరు తమ ఇంటి సంగతి చెప్పుకున్నారు. జగదల్‌పూర్ దాటేసరికి డ్రైవర్ మామ రోడ్డు పక్కన కూర్చుండిపోయి, బండి ఎక్కనన్నారు. అక్కడి నుంచే వెనక్కి వచ్చేశారు.

మరుసటి ఏడు గురూజీ నియమం పెట్టారు. బండి మీద ఉన్నన్నాళ్ళు ఇంటి బాధ ఎత్తకూడదు, ఒంటి బాధ ఎత్తకూడదు. ఎత్తినవాడు తర్వాతి మజిలీ దాకా అందరికంటే వెనక రావాలి, ముందు పోయే నాలుగు బండ్ల దుమ్ము తినాలి. తర్వాత రోడ్లన్నీ తారు వేశారు, తినడానికి పెద్దగా దుమ్ము లేదు. అయినా వెనక పడటమంటే వాళ్ళలో ఎవరికీ ఇష్టం ఉండేది కాదు. గురూజీ ఒక్కసారీ వెనక పడలేదని గొప్పగా చెప్పుకునేవారు.

ఆ నియమం నేనూ ఒకసారి చవిచూశాను. నన్ను భద్రాచలం హాస్టల్లో చేర్చడానికి అయిదు బండ్లూ వచ్చాయి. గురూజీ వెనక నేను, టైర్ల బాబాయి వెనక మా నాన్న, సేటు మామ బండికి కట్టిన నా రేకు పెట్టె. వానలు ఇంకా పడలేదు. చింతూరు దాటాక నేను ఏడవడం మొదలుపెట్టాను. ఏమయిందని అడిగితే కడుపు నొప్పి అన్నాను.

గురూజీ బండి పక్కకు తీసి చెయ్యి ఊపారు. మిగతావాళ్ళంతా మమ్మల్ని దాటిపోయారు.

"పంతులు ఎనక పడ్డడు రో!" అని టైర్ల బాబాయి అరిచారు.

"నేను కాదురా, నా ఎనక కూసున్న సవారి!" అని ఈయన అరిచారు.

దుమ్ముకు దగ్గుతూనే నవ్వాను. అప్పుడాయన తల కొంచెం వెనక్కి తిప్పి, "బాధను ఎనక కూసోబెట్టుకో బిడ్డా, హ్యాండిల్ మాత్రం దాని చేతికియ్యకు," అన్నారు. హాస్టల్లో మొదటి నెలలు ఆ మాట పట్టుకునే ఉన్నాను. నర్సింగ్‌లో మొదటిసారి శవాన్ని తుడవాల్సి వచ్చినప్పుడూ అదే అనుకున్నాను. నేను నిలబడింది ఆ మాట మీదే. దాన్ని నేను కాదనను.

కానీ ఇప్పుడు నా పని వేరు. ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి అని హిందీలో, హల్బీలో, గోండీలో, తెలుగులో రోజంతా అడుగుతాను. మా మనుషులు చెప్పరు. రెండు రోజులు నడిచి వచ్చి కూడా మంచం అంచున కూర్చుని ఏం లేదంటారు. ఓర్చుకోవడం వాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. గురూజీ మాటలో సగాన్ని, బాధను పైకి ఎత్తకూడదన్న సగాన్ని, నేనిప్పుడు ఒప్పుకోలేకపోతున్నాను. అలా ఒప్పుకోలేకపోవడం కూడా ఆయన చెప్పించిన చదువు వల్లే వచ్చింది.

ఆ రోజు ఏం జరిగిందో బాబాయి నాకు తర్వాత విడమరిచి చెప్పారు. రాత్రి జగదల్‌పూర్‌లో పడుకున్నారు. పొద్దున ఘాటు దిగే ముందు టీ తాగడానికి ఆగారు. గురూజీ టీ సగమే తాగి, గ్లాసు బల్ల మీద పెట్టారు.

"మీరు పోన్రిరా. ఇయ్యాల నేను ఎనక వస్త," అన్నారు.

"ఏందిరా పంతులూ, దుమ్ము తినబుద్ధయిందా?"

"అవ్‌రా."

"ముసలోడివైనవురా!" అని బాబాయి వీపు మీద చరిచారు. అందరూ నవ్వారు. గురూజీ కూడా నవ్వారట. ఆయన నోటితో నొప్పి అనలేదు. నొప్పి ఉన్నవాడు పోవలసిన చోటికి తనంతట తానే పోయారు. ఆ టీ హోటల్ దగ్గర ఆ నియమం తెలిసినవాళ్ళు ఆ నలుగురే. ఆ మాటను వినవలసింది ఆ నలుగురే.

ఘాటు దిగి, కింద ఆగి ఎదురుచూశారు. మలుపు దగ్గర ఫోటో తీసుకుంటున్నాడేమో అనుకున్నారు. ఎంతకూ రాకపోయేసరికి వెనక్కి పైకి పోబోతుంటే, దిగి వచ్చిన లారీ డ్రైవర్ ఒకడు పై మలుపులో ఒక దాదా, ఎవరో పెద్దాయన, పడుకుని ఉన్నాడని చెప్పాడు. పోయి చూస్తే బండి రోడ్డు వారగా ఉంది. స్టాండు సరిగ్గా వేసి ఉంది. తాళం తీసి ఉంది. ఆయన హెల్మెట్ తల కింద పెట్టుకుని రాతిగోడ పక్కన పడుకుని ఉన్నారు.

"టీ కాడనే ఆపి ఉంటే బతికేటోడా బిడ్డా?" అని బాబాయి అడిగారు.

అబద్ధం చెప్పలేకపోయాను. "బతకొచ్చు బాబాయ్. బతకకపోవచ్చు," అన్నాను.

దినం నాడు నేను కొంటా వెళ్ళాను. భోజనాలయ్యాయి, చుట్టాలు లేచారు. స్నేహితులు నలుగురూ వసారాలో గోడకు ఆనుకుని కూర్చున్నారు. గురూజీ భార్యను మేమంతా అత్తమ్మ అంటాం. ఆమె వచ్చి వాళ్ళకు ఎదురుగా కింద కూర్చుంది. అన్నాళ్ళూ ఎవరూ ఆమెకు దొరకకుండా తిరిగారు. అడుగుతుందని అందరికీ తెలుసు.

"దారిల ఏమన్నా అన్నడా?"

"ఏం అనలే చెల్లే, సక్కగనే ఉండె," అన్నారు సేటు మామ, గబగబా.

టైర్ల బాబాయి ఆయన మోకాలి మీద చెయ్యి వేసి ఆపారు. నా వైపు ఒకసారి చూశారు.

"అన్నడు వదినె. ఎనక వస్త అన్నడు. మా రూలు నీకెరికే గద. నొప్పి ఉన్నోడే ఎనక పోవాలె. నాకు ఎరికయి ఉండాలె. ముసలోడివైనవని నవ్విన."

నేను అత్తమ్మ ముఖం చూడలేక ఆమె చేతులు చూశాను. గాజులు తీసిన మణికట్ల మీద చర్మం తెల్లగా ఉంది. ఆమె అరుస్తుందనుకున్నాను. పొమ్మంటుందనుకున్నాను.

"ఆ రూలు మీకుండె," అంది. "నాకు లేకుండె గద. నాకెందుకు చెప్పలే?"

ఆమె ఆగకుండా చెప్పుకుపోయింది.

"నెల నుంచి గోడకు దిండు పెట్టుకుని కూసొనే నిద్రపోయిండు. ఏందయ్యా అంటే గ్యాసన్నడు. నేను వామునీళ్ళు కాసిచ్చిన. రోజు తాగిండు. మంచిగైందన్నడు. మీరు ఒక్క పొద్దు నవ్విండ్రు. నేను నెల దినాలు వామునీళ్ళు పోసిన."

టైర్ల బాబాయి నేల మీదికి వంగి, ఆమె కాళ్ళ దగ్గర నుదురు ఆనించి ఏడ్చారు. ఆమె ఓదార్చలేదు, పక్కకు నెట్టనూ లేదు. నన్ను పిలిచింది.

"నువ్వు నర్సువు గద బిడ్డా. ఇట్ల కూసో, విను." తర్వాత వాళ్ళ వైపు తిరిగింది. "మీకేడ నొస్తదో ఒక్కొక్కడు చెప్పున్రి. చెప్పకుండ ఈ గడప ఎవడు దాటడు."

పటేల్ తాత ముందుగా, మోకాళ్ళు మంచం దిగనియ్యడం లేదని తన ఊరి భాషలో చెప్పి, మళ్ళీ అందరి కోసం తెలుగులో చెప్పారు. సేటు మామ, చక్కెర జబ్బుతో పాదాలకు స్పర్శ పోయిందని, బ్రేకు మీద కాలు ఉందో లేదో చూసుకుంటే గాని తెలియదని చెప్పారు. టైర్ల బాబాయి లేచి కూర్చుని ముక్కు తుడుచుకున్నారు.

"నాకు ఎడమ కన్ను అవుపడది," అన్నారు. "రెండేండ్లాయె."

మిగతా ముగ్గురూ ఆయన వైపు తిరిగారు. ఆ రెండేళ్ళూ అందరికంటే ముందు బండి నడిపింది ఆయనే.

ఇక డ్రైవర్ మామ మిగిలారు. ఆయన ఏదో అనబోయారు. పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించారు. చివరికి కుడిచెయ్యి ఎత్తి చొక్కా మీద, రొమ్ము నడిమధ్య పెట్టుకున్నారు. అత్తమ్మ తొందరపెట్టలేదు. నేను ఆయన పక్కకు జరిగి కూర్చున్నాను. బయట హైవే మీద లారీలు పోతున్నాయి. ఆయన చెయ్యి అక్కడి నుంచి తియ్యలేదు.