ఎండ పక్క సీటు

సూర్యుణ్ణే ఆయుధంగా పట్టిన ఒక వీరనారి గాథ చెబుతాను. గాథంటే గాథేం కాదు, మదనపల్లె నుంచి పుంగనూరు పోయే బస్సులో ఒకామె సీటు మార్చుకున్న సంగతి.

మధ్యాహ్నం బస్సులో అందరూ నీడ పక్కన తువ్వాళ్లు వేసేశారు. నాకు మిగిలింది ఎండ పక్క కిటికీ. నీడలో కూర్చున్న ఆమె లేచి వచ్చింది.

“అప్పా, నువ్వు నా సీట్లోకి పో. నాకు ఎండ కావల్ల.”

“యాలమ్మా, వడియాలు పెడతావా?”

“రొమ్ము క్యాన్సర్ మళ్లా వచ్చిందప్పా. డాక్టర్లు ఇంక ఇంటికి పొమ్మన్నారు. ఎండలో ఏదో విటమిన్ ఉండాదంట కదా?”

అప్పుడు నేను బయోకెమిస్ట్రీ చదువుతున్నాను. తెలిసింది చెప్పాను.

“క్యాన్సర్ కణాల మీద, పెరగమనే కబురు అందుకునే గ్రాహకాలు ఉంటాయమ్మా. విటమిన్ డి వాటిని తగ్గిస్తాదంట. కానీ అది ల్యాబులో, గాజు పళ్లెంలో పెంచిన కణాల్లో సూసింది.”

“పళ్లెంలో ఉండేదీ క్యాన్సరే కదప్పా?”

నేను లేచి సీటిచ్చాను. పుంగనూరు దాకా ఆమె కళ్లు మూసుకుని, చెమటలు కారుతున్నా ముఖం ఎండకే పెట్టి కూర్చుంది.

మూసి ఉన్న ఆ కిటికీ అద్దం చట్రం తుప్పుపట్టి బిగుసుకుపోయింది, ఎంత లాగినా తెరుచుకోలేదు. ఆ విటమిన్‌ను పుట్టించే కిరణాలు అద్దం దాటవు.