పలక మీద అగ్నాథియా

ఆసుపత్రి స్పిరిట్ వాసన తగిలితే నాకు సువార్తమ్మ టీచరుగారు గుర్తొస్తారు. మొన్న తెనాలిలో కడుపుతో ఉన్న మనవరాలిని స్కానింగ్‌కి తీసుకెళ్తే అదే జరిగింది. ఆవిడ బాపట్ల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవారు, ఉండటం రేపల్లెలో. అక్కడ సీసాల్లో జీవుల్ని స్పిరిట్‌లో నిలవుంచేవారట, ఆవిడ చేతి సంచికి ఎప్పుడూ ఆ వాసనే. నేను అడవులదీవి నుంచి చేపల తట్ట తెచ్చి ముందు వాళ్ల అరుగు మీదే దించేదాన్ని.

నా తొలిచూలు బిడ్డ కింది దవడ లేకుండా పుట్టాడు. పాలు పట్టే దారి లేదు. ఒక్క పూట ఉన్నాడు. కడుపుతో ఉండి గ్రహణం వేళ చేప కోశానని, అది బిడ్డను చంపిన చెయ్యని మా అత్త నేను వండింది ముట్టడం మానేసింది. నేనూ అదే నమ్మాను. మళ్లీ తట్ట ఎత్తుకున్న రోజు టీచరుగారి అరుగు మీద కత్తి పట్టబోతే చెయ్యి ఆడలేదు. ఏంటని అడిగితే చెప్పేశాను. ఆవిడ అయ్యో అనలేదు.

"గ్రహణం నాటికి నీకెన్నో నెల?"

"ఏడో నెలండి."

"దవడ మొదటి రెండు మూడు నెలల్లోనే ఏర్పడుతుంది వీరమ్మా. నువ్వు కత్తి పట్టేనాటికే ఆ పని ఆగిపోయి ఉంది."

దానికో పేరు కూడా ఉందన్నారు, అగ్నాథియా అని. గ్నాథోస్ అంటే గ్రీకు భాషలో దవడట. ముందున్న 'అ' మన అధర్మంలో 'అ' లాంటిదే, లేదని చెప్పడానికి. దవడల్లేని చేపల జాతికీ ఆ మాటలోంచే పేరు పెట్టారట. ఇన్ని చేపలు కోశాను, దవడ లేనిది ఒక్కటీ చూడలేదని మొండికేస్తే పుస్తకంలో బొమ్మ చూపించారు. పాములాంటి ఒళ్లు, గుండ్రటి నోరు. అవి చల్లటి సముద్రాల్లో ఉంటాయట, నా తట్టలోకి రావట. బిడ్డ పోయాక నేను నవ్వింది అప్పుడే.

పేరు పెట్టారంటే ఇలాంటి బిడ్డలు ఇంకెక్కడో కూడా పుట్టారనేగా అన్నాను.

"పుట్టారు. కత్తి ముట్టని తల్లులకి కూడా."

అగ్నాథియా అన్న ఆ పేరు నా చేత్తో రాసుకోవాలనిపించి, అంత వయసులో ఆవిడ దగ్గర పలక పట్టాను. ముందు నీ పేరు రాయవే అంటే వినలేదు. ఒత్తులతో మొదలెడతావా మొద్దూ అని తిట్టి, చెయ్యి పట్టుకుని దిద్దించారు. ఆ పలక మా అత్తకి చూపిస్తే కోడి గీతలంది. పోయేదాకా నమ్మలేదు. నమ్మకపోతే మానె, నా చెయ్యి మాత్రం మళ్లీ చేపలు కోసింది.

టీచరుగారు పోయి చాలా ఏళ్లయింది. మొన్న స్కానింగ్ గది బయట మనవరాలు నా చెయ్యి వదల్లేదు. గ్రహణం రోజు మర్చిపోయి వంకాయలు తరిగిందట, అత్తగారికి చెప్పలేదట. నాకు తెలియకుండానే టీచరుగారి మాటే నా నోట వచ్చింది.

"అప్పటికి ఎన్నో నెల?"

"ఆరో నెల అమ్మమ్మా."

"నోరూ దవడా ఎప్పుడో తయారైపోయాయి. కాకపోయినా వంకాయకి అంత శక్తి లేదు."

అది నవ్వింది. అప్పుడు నా తొలి బిడ్డ సంగతి చెప్పి, దాని అరచేతిలో వేలితో అగ్నాథియా అని రాశాను. వాడికి మేం పేరు పెట్టలేదు. వాడి గురించి లోకం అన్నవాటిలో తిట్టు కాని మాట అదొక్కటే.