తెలుపులో పసుపు

ఆటోనగర్‌లో మా షెడ్డు ముగ్గురిది. నొక్కుకుపోయిన రేకు సరిచేసే టింకరు ఒక మూల, కార్ల సీట్లకు కవర్లు కుట్టే ఆవిడ ఇంకో మూల, మధ్యలో రంగులు కలిపే నేను. కప్పుకు వేలాడే ట్యూబులైట్లూ ముగ్గురివే. అందుకే వాటిని తీసేసి, ఫోన్‌తో వెలుగు మార్చుకునే ఎల్‌ఈడీలు పెట్టిద్దామనుకున్నప్పుడు కుట్టే ఆవిడ నన్నూ అడగాల్సి వచ్చింది.

"నల్ల దారానికీ నీలం దారానికీ తేడా తెలియట్లేదు బాబాయ్ గారూ. ఇవైతే పగటి వెలుగులా పెట్టుకోవచ్చు. సాయంత్రం కళ్ళు లాగితే కాస్త పసుపుకి తిప్పుకోవచ్చు."

"ఇది షెడ్డా, పెళ్ళి పందిరా?" అన్నాను.

నా కోపానికి కారణం ఉందనుకునేవాణ్ణి. నేను బడికి వెళ్ళలేదు. గవర్నర్‌పేటలో ఒక పెయింట్ల కొట్లో డబ్బాలు మోస్తూ, వాటి మీది అక్షరాలతోనే చదవడం నేర్చుకున్నాను. రంగు మాత్రం కంటితో నేర్చుకున్నాను; ఆ కంటికి కొత్త లైట్లు అక్కర్లేదనుకున్నాను. కంపెనీ చీటీలో ఏ నంబరున్నా, ఏళ్ళ తరబడి ఎండకు మాగిన కారు రంగు ఆ నంబరులో ఉండదు. కలిపిన రంగు చుక్క డబ్బా మూత మీద వేసి, ఆరనిచ్చి, కారుకు ఆనించి చూడాలి. చూసి ఔననాల్సింది మాత్రం కలిపినవాడు కాదు, పక్కవాడు. నాకు పని నేర్పిన మేస్త్రి పెట్టిన నియమం అది. ఆయన అంతటివాడు కూడా మమ్మల్ని పిలిచి "చూడండ్రా" అనేవాడు. ఔనన్న ప్రతి మూత మీదా రంగు పేరు రాసి, పై నుంచి కిందికి వరసగా మేకులకు తగిలిస్తాను. నా వెనక గోడంతా మూతలే. అవే నా సర్టిఫికెట్లు.

పక్కవాణ్ణి పిలవడం నేను మానేసి చాలా కాలమైంది. నా పనికి ఔననేవాడు ఆటోనగర్‌లో ఎవడున్నాడనుకున్నాను.

వాళ్ళిద్దరూ ఒకటై లైట్లు పెట్టించారు. ఆ వారంలోనే చల్లపల్లి నుంచి ఒక మాస్టారు తెల్ల కారు తెచ్చారు. ఒక డోరుకు రంగు వేయాలి. అన్నిటికన్నా కష్టం తెలుపే. అందులో చుక్క పసుపుంటుంది, చుక్క నలుపుంటుంది, ఒక్కో కారులో నీలం ఉంటుంది. కలిపాను, మూత ఆనించాను, నేనే ఔననుకున్నాను.

నాలుగో రోజు మాస్టారు తిరిగొచ్చారు. టీ వేళ. టింకరు, టీ తెచ్చినతను, పక్క షెడ్డువాళ్ళిద్దరు, అందరూ అక్కడే ఉన్నారు.

"ఏమనుకోకండి. ఆ డోరు ఒక్కటీ మజ్జిగలో పసుపు కలిపినట్టుందండీ. ఇంటికెళ్ళగానే మావాళ్ళు అడిగారు."

చూశాను. నాకు డోరూ, మిగతా బండీ ఒకటే తెలుపు. నోరు మూసుకుని ఆలోచించాల్సింది అక్కడే. అందరి కళ్ళూ నా మీదుండేసరికి నా వేలు కుట్టే ఆవిడ వైపు లేచింది.

"ఈవిడగారి చలవ మాస్టారూ. నేను కలుపుతుంటే ఫోన్ నొక్కి పైన లైటు పసుపు చేసింది. పసుపు వెలుగులో తెలుపెలా కుదురుతుంది?"

ఆవిడ ఫోన్ ముట్టుకోవడం నేను చూడలేదు. చూడలేదని నాకు తెలుసు. ఆవిడ మిషన్ ఆపి నా వైపు చూసింది. తర్వాత మాస్టారి వైపు తిరిగింది.

"అయ్యుండొచ్చండి. పొరపాటున చెయ్యి తగిలిందేమో."

"తెలియనివాటి జోలికి వెళ్ళకూడదమ్మా" అన్నారు మాస్టారు, పాఠం చెప్పినట్టు. ఆవిడ తలూపింది. నేను టీ తాగాను.

మాస్టారు కారు వదిలి వెళ్ళారు. అందరూ వెళ్ళాక కూడా నా పొగరు దిగలేదు. "ఏదీ, నా ముందు మార్చి చూపించు, ఆ తేడా నాకు తెలియకపోతే అడుగు" అన్నాను. ఆవిడ ఫోన్ తీసింది.

"ఇప్పుడున్నది పగటి వెలుగు. మెల్లగా పసుపుకి తిప్పుతాను. మారగానే చెప్పండి."

తెల్ల డోరు వైపే చూస్తూ నిలబడ్డాను. "ఆఁ, మారింది."

"ఇంకా ముట్టుకోలేదు బాబాయ్ గారూ."

మళ్ళీ చూశాను. ఎంతసేపటికీ ఏమీ జరగలేదు. "తిప్పవేమ్మా?"

"సగం దాకా వచ్చేసిందండి."

ఆవిడ ఫోన్‌ను బోర్లా పెట్టేసింది. "శుక్లం అయ్యుంటుంది. మా అమ్మకీ ఇలాగే ఉండేది. ఆపరేషన్ చేస్తే బాగైపోయింది" అంది. అలా మెల్లగా చెప్పకుండా నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది. ఆ డోరుకు రంగు మళ్ళీ కలిపింది నా చెయ్యే, చూసింది ఆవిడ కన్ను. "ఇంకొక్క చుక్క నీలం" అనేది, వేసేవాణ్ణి. మాస్టారు వచ్చి చూసి, "అనుభవం అంటే మీదండీ" అన్నారు. ఆ మెప్పూ నేనే తీసుకున్నాను.

వారం తర్వాత ఆయనకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "అదా, నేనెప్పుడో మర్చిపోయానండీ" అన్నారు. పెద్ద ఘనకార్యం చేసినట్టు ఆ మాట ఆవిడకు చెప్పాను.

ఆవిడ దారం కొరికి, "ఆయనకి చెప్పారు, సంతోషం. ఆ రోజు విన్నది ఆయనొక్కరేనా?" అంది.

మర్నాడు టీ వేళకు అందరూ వచ్చారు. గొంతు దాకా వచ్చిన మాటను టీతో పాటు మింగేశాను. ఆ మర్నాడు గ్లాసు అందుకోకముందే చెప్పేశాను. "ఆ రోజు లైటు ఎవరూ మార్చలేదు. నాకు చూపు తగ్గింది. నెపం ఆవిడ మీద వేశాను."

పక్క షెడ్డువాళ్ళు గ్లాసుల్లోకి చూసుకున్నారు. టింకరు మాత్రం, "మీ గోడ మీద తెలుపని రాసిన మూతలు రెండేళ్ళుగా పసుపు కొడుతూ అదే చెప్తున్నాయి గురువుగారూ. మీకెవరు చెప్తారు, మీరు వినొద్దూ?" అన్నాడు.

మాస్టారు తిరిగొచ్చి అడిగారు. తిరిగి రానివాళ్ళు ఎంతమందో అప్పుడు తట్టింది నాకు.

టీ అయ్యాక గోడ దగ్గరికి వెళ్ళాను. "ఏవి తీసెయ్యాలో చెప్పమ్మా" అన్నాను. ఆవిడ మిషన్ ముందు నుంచి లేచి, లైటు పగటి వెలుగుకు తిప్పింది.

"ఒక్కొక్కటీ ఇలా తీసుకురండి."

కింది వరస నుంచి మొదలుపెట్టాను.