సగం ఖాళీగా ఉండాల్సిన రౌటర్లు

కరోనా రెండో విడత తగ్గిన ఏడాది గోదావరిఖనిలో ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీకి నెట్‌వర్క్ మేనేజర్‌గా చేరాను. అంతకుముందంతా బొగ్గు గనుల టెలిఫోన్ విభాగంలో పనిచేశాను. కొత్త ఉద్యోగంలో నాకు అప్పగించిన మొదటి పని, హైదరాబాద్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజిలో పెట్టాల్సిన రౌటరును ఎంపిక చేయడం. ఎక్స్ఛేంజి అంటే వేర్వేరు నెట్‌వర్కులు ఒకచోట చేరి, మధ్యవర్తి లేకుండా డేటా ఇచ్చిపుచ్చుకునే స్థలం. ఆ ఏర్పాటును పీరింగ్ అంటారు. అది లేక మా వినియోగదారుల వీడియోలు ఊళ్లన్నీ తిరిగి వచ్చేవి. మా కనెక్షన్లు ఎక్కువగా ఉన్న గని కార్మికుల సెంటినరీ కాలనీలో సగం మంది అప్పటికే ఒక పెద్ద కంపెనీ వైపు చూస్తున్నారు. వాళ్లు పోతే మేం దుకాణం కట్టేయాల్సిందే.

యజమాని రాజమల్లు కేబుల్ టీవీ వైర్లు లాగుతూ పైకొచ్చిన మనిషి. ప్రపంచంలోని నెట్‌వర్కులన్నిటి దారులూ గుర్తుపెట్టుకునే పెద్ద రౌటరే కావాలన్నాడు. "చిన్నది పెడితే ఆడ ఇజ్జత్ పోతది సార్." మాకది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. పీరింగుకు వచ్చినవాళ్ల దారులు తెలిస్తే చాలు, మిగతాది మాకు నెట్ అమ్మే పై కంపెనీకి వదిలేయొచ్చు. పట్టుబట్టి రెండు చిన్నవి కొనిపించాను. ఒకటి ఆగితే రెండోది మొత్తం మోయాలి కాబట్టి, ఏదీ సగానికి మించి నిండకూడదు.

వేగం పెరిగింది, కాలనీవాళ్లు మాతోనే ఉండిపోయారు. అప్పుడు రాజమల్లు కన్ను ఆ ఖాళీ మీద పడింది.

"సగం ఉట్టిగనే ఉంచుడేంది సార్? చుట్టుపక్కల ఊళ్ల కనెక్షన్లు గూడ ఎక్కియ్యాలె."

గనిలో రెండో దారి ఉండేది ఆపదలో బయటపడటానికి. ఖాళీగా ఉంది కదా అని అందులో సామాను పేరిస్తే ఏ మేనేజరూ ఊరుకోడు. అదే చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు, తలూపాడు, కనెక్షన్లు ఎక్కించేశాడు. నాకు ఒళ్లు మండింది.

కొన్నాళ్లకు, గనిలో మొదటి షిఫ్టు దిగి జనం ఇళ్లకు చేరే వేళ, ఒక రౌటరు కాలిపోయింది. రెండోది ఆ బరువు మోయలేక అందరికీ నెట్ నత్తనడక అయింది. ఫోన్లన్నీ రాజమల్లే ఎత్తాడు. "కొత్తోళ్లకు ఇస్తున్నరు, మాకేమో బంద్ పెట్టిండ్రు, గిదేం పద్ధతి రాజమల్లన్నా?" అని కాలనీ నుంచి ఒక అక్క గట్టిగానే నిలదీసింది.

ఫోన్ పెట్టేసి, "కొత్తయి ఆపుదాం సార్" అన్నాడు. చుట్టుపక్కల ఊళ్ల కనెక్షన్లు ఆపి, కాలిపోయినదాని బదులు ఒకటి, అదనంగా మూడోది ఆర్డరిచ్చాడు. మూడో రౌటరు వచ్చేదాకా ఆగలేక కొత్తవాళ్లలో కొందరు పోయారు. పోనిచ్చాడు.

తర్వాత మళ్లీ ఒకసారి ఒక రౌటరు ఆగింది. ఆఫీసులో ఒక్క ఫోనూ మోగలేదు. ఇప్పుడు ఎవరైనా ఏ రౌటరు కొనాలని సలహా అడిగితే, మీ యజమాని ఖాళీని చూసి ఎన్నాళ్లు ఊరుకోగలడో ముందు చెప్పమంటాను.