గోడలు మొత్తుకున్న దిష్టి

ఎండుమిరపకాయలు మాడిన ఘాటు ముక్కుకు తగిలితే నాకు కెనడా గుర్తొస్తుంది.

నా చిన్నప్పుడు అబుదాబిలో మా ఎదురింట్లో ఉండే కెనడా ఇంజనీరుగారి అబ్బాయి వాళ్ల దేశంలో ఫుట్‌బాల్ ఆటగాడు. వాళ్ల ఫుట్‌బాల్‌లో బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తాలి. అదే అతని ఉద్యోగం. ఆ చలికాలం మోకాలు వాచి అమ్మానాన్నల దగ్గరికి వచ్చాడు. మళ్లీ పరుగెత్తలేకపోతే జట్టులోంచి తీసేస్తారట.

అతని ఆట క్యాసెట్ మా టీవీలో చూసి, ఊరి నుంచి వచ్చిన నానమ్మ తల్లడిల్లింది. "ఒక్క పిలగాని మీద గంతమంది పడ్డరేందిరా! ఊరంతా జూస్తుంటే దిష్టి తగల్దా?"

వెంటనే అతన్ని కూర్చోబెట్టి, ఉప్పూ మిరపకాయలూ చుట్టూ తిప్పి, "థూ అను బిడ్డా" అంది. నేను ఇంగ్లీషులో చెబితే ఆ ఆరడుగుల మనిషి బుద్ధిగా ఉమ్మాడు. మిరపకాయలు పొయ్యి మీద వేయగానే పొగకు గోడమీది ఫైర్ అలారం మోగింది. బిల్డింగంతా మెట్లు దిగి రోడ్డున పడింది.

"ఎంత దిష్టి ఉన్నదో జూడు, గోడలు గూడ మొత్తుకుంటున్నయి!" అంది నానమ్మ గర్వంగా.

మరుసటేడు నానమ్మ మళ్లీ వచ్చినప్పుడే కొత్త క్యాసెట్ వచ్చింది. అతను మళ్లీ ఆడుతున్నాడు! మైదానంలోకి దిగే ముందు పక్కకు ఉమ్మాడు. నానమ్మ మందు పనిచేసిందని నేను గంతులేశాను. అంతలో అవతలి జట్టువాళ్లూ ఉమ్మారు.

ఆటగాళ్లు ఊరికే ఉమ్ముతారనీ, మోకాలిని బాగుచేసింది డాక్టర్లనీ పెద్దయ్యాక తెలిసింది. ఆ రోజు మాత్రం నానమ్మ ముఖం మాడిపోయింది.

"అవతలోళ్లకు దిష్టి దీసిన ముసల్ది ఎవతిరా?" అంది.