మేస్త్రి ఒప్పుకోని రెండో అర్థం

కుళాయిల మేస్త్రికి రెండు విషయాల్లో తిరుగులేదు. గోడకు చెవి ఆనించి లోపల పైపు ఎక్కడ కారుతోందో చెప్పగలడు. చెప్పడం మొదలుపెట్టాడంటే ఇక ఆపలేడు. చేతిలో పానా, నోట్లో నాలుక ఒకే వేగంతో తిరుగుతుండేవి. పని అయిపోయాక కూడా గుమ్మంలో నిలబడి వినేవాళ్లు కొందరైతే, వినలేక తమ ఇంట్లోంచి తామే బజారుకు వెళ్లిపోయేవాళ్లు కొందరు.

ఇరవై రెండేళ్ల పనిలో అతనికి అబ్బిన ఇంగ్లీషంతా స్నానాల గదుల్లో నేర్చిందే. కాబట్టి ఎనిమిదో తరగతి చదివే కూతురు ఒక సాయంత్రం నోటుపుస్తకం పట్టుకొచ్చి, "నాన్నా, డైవర్ట్ అనే మాటని రెండు అర్థాలతో రెండు వాక్యాల్లో రాయమన్నారు," అనగానే అతని ముఖం చాటంత అయింది.

"అడగాల్సినవాణ్ణే అడిగావు తల్లీ! డైవర్టర్లు బిగించీ బిగించీ నా వేళ్లు అరిగిపోయాయి. మీట ఇటు తిప్పితే నీళ్లు కింద కుళాయిలోకి, అటు తిప్పితే పైన షవర్‌లోకి. దారి మళ్లించడమన్నమాట. రాసుకో."

"అది ఒకటి. డిక్షనరీలో ఇంకోటి ఉంది నాన్నా. వినోదం కలిగించడం, నవ్వించడం అని."

"నవ్వించడమా? నీళ్లు తిప్పితే నవ్వెందుకొస్తుందే? అచ్చు తప్పయ్యుంటుంది. కుళాయి మీద ఒక వాక్యం, షవర్ మీద ఒక వాక్యం. రెండయ్యాయిగా!"

పిల్ల కాసేపు గునిసి, చివరికి తండ్రి చెప్పినట్టే రాసింది. మర్నాడు మొదటి వాక్యం పక్కన టిక్కు, రెండోదాని పక్కన ఎర్ర సిరాతో పెద్ద ఇంటూ. పదికి అయిదు.

మేస్త్రికి తల కొట్టేసినంత పనైంది. తప్పింది కూతురు కాదు, తనే అనిపించింది. సంచి భుజాన వేసుకుని నేరుగా ఇంగ్లీషు మాస్టారి ఇంటికి వెళ్లాడు.

మాస్టారు ఇస్త్రీ మడత నలగనివ్వడు, పెదవి విచ్చుకోనివ్వడు. అంతా విని, "చూడండి మేస్త్రీ, బరువుగా ఉన్న మనసుని పక్కకి తిప్పితే తేలికపడుతుంది కదా. అదే రెండో అర్థం. అన్నట్టు, మా డైవర్టర్ నెల్లాళ్లుగా కదలడం లేదు. అది చూస్తూ మాట్లాడుకుందామా?" అన్నాడు.

ఇద్దరూ స్నానాల గదిలోకి దూరారు. గది అగ్గిపెట్టంత. మేస్త్రి తలుపు వైపు, మాస్టారు సరిగ్గా షవర్ కింద. మామూలుగా మెయిన్ వాల్వు కట్టేసి గానీ మేస్త్రి దేన్నీ ముట్టుకోడు. ఆ రోజు నోటికి తీరిక లేక చెయ్యి ఆ సంగతే మరిచిపోయింది. చూద్దామని తెరిచిన కుళాయి కింద బకెట్లోకి ధారగా పడుతూనే ఉంది.

"నీళ్లు వేరు, మనసు వేరు మాస్టారూ! మనసుకి మీటెక్కడుంది?" అంటూ బిగుసుకుపోయిన మీటకు పానా తగిలించి, ఆవేశంగా ఒక్క తిప్పు తిప్పాడు.

కింద ధార టక్కున ఆగింది. పైనుంచి జలపాతంలా మాస్టారి నెత్తిన పడింది.

"కట్టెయ్యండి మేస్త్రీ!"

"మీట ఊడి చేతికొచ్చేసింది మాస్టారూ!"

ఇద్దరూ ఒకేసారి బయటికి ఉరికి గుమ్మంలో ఇరుక్కుపోయారు. కేకలు విని మాస్టారి భార్య వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చింది. ఇస్త్రీ చొక్కా ఒంటికి అంటుకుపోయి, కళ్లజోడు ఒక చెవికి వేలాడుతూ ఉన్న భర్తని చూసి, గోడకు చేరగిలబడి, పొట్ట పట్టుకుని నవ్వుతూ నేల మీద చతికిలబడింది.

మాస్టారు కళ్లజోడు సర్దుకుని ఆవిడ వైపు వేలు చూపించాడు. "ఇదే మేస్త్రీ, రెండో అర్థం."

"ఆవిడ నీళ్లని చూసి నవ్వట్లేదు మాస్టారూ, మిమ్మల్ని చూసి."

"నేను మొత్తుకుంటున్నదీ అదేనయ్యా!" అని అరవబోయి, సగంలో మాస్టారే ఫక్కున నవ్వేశాడు. దాంతో మేస్త్రి నాలుక కరుచుకుని మెయిన్ వాల్వు దగ్గరికి పరిగెత్తాడు.

మార్కులు మాత్రం అయిదే. "ఆయన వేసింది న్యాయమేలే," అని కూతురి ముందు ఒప్పుకోవడానికి మేస్త్రికి రెండు గ్లాసుల నీళ్లు పట్టాయి.

మర్నాడు కొత్త మీట తీసుకెళ్లి, అన్నిటికంటే ముందు వాల్వు కట్టేసి పని మొదలుపెట్టాడు. మాస్టారు వరండాలోనే ఉండిపోయాడు. ఆయన భార్య మాత్రం స్టూలు తెచ్చుకుని స్నానాల గది ఎదురుగా కూర్చుంది. పావుగంట ఓపిగ్గా చూసి, "అయితే ఇవాళ ఏమీ జరగదా?" అని దిగాలుగా అడిగింది.