దగ్గు వినబడితే లేచే కాళ్ళు

మొన్న కావలిలో మా అమ్మాయి ఇంటి పెరట్లో, మూడు నెలల మనవరాలిని చాచిన కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తూ ఉన్నాను. నలుగు పెట్టడం అయింది, చెంబు ఎత్తబోతున్నాను, ఇంతలో ప్రహరీకి అవతల పక్కింటి పెద్దాయన గట్టిగా ఒకసారి దగ్గారు. అంతే, నా కాళ్ళు లేచిపోయాయి. నేను లేచానని అనలేను, నన్ను అడక్కుండా అవే లేచాయి. పక్కనే ఉన్న మా అమ్మాయి జారిపోతున్న బిడ్డను అందుకుంది కాబట్టి సరిపోయింది, ఆ స్వామికి వెయ్యి దండాలు.

"ఏందిమా, అట్ట లేచేసినావు! బిడ్డ బండ మీద పడుంటే?" అంది. జవాబు నాకు తెలుసు, నోటికి రావడానికి మాత్రం సాయంత్రం దాకా పట్టింది.

మా వయసు ఆడవాళ్ళలో చాలామందికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. కోట అనే ఊరి దగ్గర మా అత్తగారి పల్లెలో, మామగారు పొలం నుంచి వచ్చేటప్పుడు పెరటి దడి దగ్గర ఆగి ఒక్కసారి దగ్గేవారు. అది ఆయన మర్యాద, లోపల కోడళ్ళు కొంగు సర్దుకోవడానికి ఇచ్చే వ్యవధి. దగ్గు వినబడగానే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలి వంటింటి తలుపు వెనక్కి వెళ్ళిపోవాలి. నన్ను బడికి పంపలేదు, మా నాయనే ఇంట్లో పలక పెట్టి చదువు చెప్పారు, ఈ నాలుగు ముక్కలు రాయగలగడం ఆయన పెట్టిన భిక్షే. గుణింతాలు పట్టుబడడానికి ఏడాది పట్టిన నాకు ఈ దగ్గుకు లేవడం మాత్రం వారం రోజుల్లో వచ్చేసింది. "మామ ముక్కు చీదినా లేస్తాది ఈ పిల్ల!" అని తోడికోడలు నవ్వేది. అత్తగారు మాత్రం ఇంటికి వచ్చినవాళ్ళందరి ముందూ నన్ను మెచ్చుకునేవారు. పద్దెనిమిదేళ్ళదాన్ని, ఆ మెప్పు కోసం ఇంకా తొందరగా లేచేదాన్ని.

అప్పటికి మా అమ్మాయి తొమ్మిది నెలల పసిబిడ్డ. ఆరోజూ ఇలాగే చీర మోకాళ్ళ పైకి మడుచుకుని బిడ్డకు నీళ్ళు పోస్తున్నాను, పక్కన కాగులోంచి తోడిన వేడినీళ్ళ తపేలా ఉంది. దగ్గు వినబడింది. బిడ్డను బండ మీద కూర్చోబెట్టి తలుపు వెనక్కి పోయాను. అక్కడ నిలబడే విన్నాను దాని కేక. తపేలా అంచు పట్టి మీదికి లాక్కుంది. తొడ నుంచి పాదం దాకా బొబ్బలెక్కిన బిడ్డను నెలన్నర అరిటాకుల మీద పడుకోబెట్టాము. స్వామి దయ, బతికింది, నడిచింది.

మామగారు ఆరోజు అన్నం ముట్టలేదు. చెడ్డవారు కారు, కూర్చున్నచోటి నుంచే "నీళ్ళు పోస్తున్నాను మామా" అని ఒక్క మాట అంటే అటునుంచి అటే వెళ్ళిపోయేవారు. అలా అనవచ్చని నాకు తోచనే లేదు. అంతకన్నా చేదు ఏమిటంటే, ఎవరూ నన్ను తిట్టలేదు. "మామ వస్తే లేవకుండా యాడ కూచుంటాది? దాని తప్పేముండాది" అన్నారు అత్తగారు, ఆ మాటకు నాకు ఊరట కలిగింది కూడా. ఎవరైనా నన్ను నిలబెట్టి దులిపి ఉంటే ఈ కాళ్ళకు బుద్ధి వచ్చేదేమో. మూడోరోజు దగ్గు వినబడితే మళ్ళీ లేచాను.

సాయంత్రం మా అమ్మాయికి ఇదంతా చెప్పాను. తానే పాకిపోయి తపేలా లాక్కున్నానని ఇన్నేళ్ళూ అనుకుంది, నేనూ కాదనలేదు. బిడ్డను జోకొడుతూనే వింది. "తాత దగ్గినాడని నన్ను వదిలేసి పోయినావామా?" అంది, కోపంగా కూడా కాదు. అవునన్నాను. మర్నాడు ప్లాస్టిక్ తొట్టి తెచ్చుకుంది, ఇందులో అయితే సులువులేమా అంది.

దాన్ని తప్పు పట్టను. ఆ ఇంట్లో ఎవరొచ్చినా ఎవరూ లేవరు, అల్లుడు గడప దాటితే మా అమ్మాయి కూర్చున్నచోటి నుంచే కాసిన్ని మంచినీళ్ళు తెమ్మంటుంది, అతను నవ్వుతూ తెస్తాడు. ఇలాంటి కాలం నా కంట పడినందుకు రోజూ దణ్ణం పెట్టుకుంటాను. బిడ్డను కాళ్ళ మీద వేసుకునే అదృష్టానికి మాత్రం నేను తగనని తేలిపోయింది. ఇప్పుడు తొట్టి పక్కన నిలబడి, సబ్బు కళ్ళలో పడకుండా చూసుకోమని చెబుతుంటాను.